గడ్డం తాత, పొయ్యి గొట్టం

మా కోడలు నోట్లో నాలుక లేని పిల్ల అని కొచ్కోర్ ఊరంతా మెచ్చుకుంటూ ఉంటే నాకు ఒళ్ళు మండేది. ఆ మెచ్చుకునేవాళ్ళు వచ్చి ఆ పిల్లతో ఒక్క వారం మా ఇంట్లో ఉండి చూడాలి. పొద్దున్నే వంటగదిలోకి వస్తుంది. రెండు చేతులూ పొట్ట మీద కట్టుకుని, నడుం వంచి దణ్ణం పెడుతుంది. "నీ బతుకు పండాలి, బిడ్డా" అంటాను. టీ పోస్తుంది, తాగుతాను. గిన్నె తీసుకెళ్ళి కడుగుతుంది. అక్కడితో ఆ పూటకి అత్తాకోడళ్ళ ముచ్చట్లు ముగిసినట్టే. గోడలకి చెవులుంటాయంటారు. మా ఇంటి గోడలు పాపం పనిలేక కూర్చున్నాయి.

నా పేరు జూరకాన్. ఉన్ని తొక్కి తివాచీలు చేయడం నా పని. మా ఆయన పోయి చాలా కాలమైంది. ఒక్కడే కొడుకు, తురాత్. వాడు కొండల మీద బంగారు గనిలో పని చేస్తాడు, కొన్నాళ్ళు అక్కడ, కొన్నాళ్ళు ఇక్కడ. వాడు ఇంట్లో ఉన్నన్నాళ్ళూ వాళ్ళ గదిలోంచి కిచకిచలు వినిపిస్తాయి. అంటే మా నూర్జాదాకి నోరు ఉందన్నమాటే. వాడు గని బస్సెక్కిన మరుక్షణం ఆ నోటికి తాళం పడుతుంది. తాళంచెవి వాడు జేబులో వేసుకుని పోతాడో ఏమో.

వసంతంలో వచ్చే నోరూజ్ పండగ దగ్గర పడకపోతే ఇదంతా నేను సరదాగానే తీసుకునేదాన్ని. పండగ వెళ్ళగానే కోడలిని మొదటిసారి పుట్టింటికి పంపాలి. మాలో అది చిన్న తంతు కాదు. మూటలు కట్టాలి, వియ్యపురాలికి శాలువా పెట్టాలి, పిల్ల అన్న కారేసుకుని వచ్చి తీసుకెళ్ళాలి. తిరిగి రావడం మాత్రం ఎవరి చేతుల్లోనూ ఉండదు, పిల్ల మనసులో ఉంటుంది. మా వీధి చివరింటి కోడలూ ఇలాగే, పల్లెత్తు మాట అనని బంగారుతల్లి. మూటలతో వెళ్ళింది. మూటగుడ్డలు మాత్రం మడతపెట్టి తిరిగొచ్చాయి. ఆ ఇంటి అత్త ఇప్పటికీ బజారుకి పక్కసందులోంచి వెళ్తుంది.

నాకు కావలసింది ఒక్కటే. ఈ పిల్ల తిరిగి రావాలి. కొడుకు కోసమే అనుకునేరు. కాదు, నా కోసం కూడా. ఇంట్లో ఇంకో మనిషి అడుగుల చప్పుడు ఎంత బాగుంటుందో ఒంటరిగా బతికినవాళ్ళకే తెలుస్తుంది. మరి ఆ ముక్క పిల్లతో చెప్పొచ్చు కదా అంటారేమో. మా అత్తగారు నన్ను ఏనాడూ మెచ్చుకోలేదు. పైకి మెచ్చుకుంటే కన్ను తగులుతుందని ఆవిడ నమ్మకం. వంటగదిలో ఆ పాత ఇనప పొయ్యీ, దాని పొగగొట్టమూ నాకు ఎలా వచ్చాయో ఆ నమ్మకం కూడా అలాగే వచ్చింది.

సరే, నా భాగోతం కూడా చెప్పాలి కదా. మధ్యాహ్నం కాగానే పనుందని చెప్పి ఉన్నిశాలకి పోయేదాన్ని. పనుందన్నది అబద్ధం కాదు, నిజాన్ని కాస్త సాగదీయడం. అంతకు ముందు ఏడాది ఎవరో ప్రాజెక్టువాళ్ళు మా ఉన్నిశాల ఆడవాళ్ళకి రెండు కళ్ళజోళ్ళు ఇచ్చిపోయారు. మామూలు కళ్ళజోళ్ళు కావు, గుర్రానికి కట్టే గంతలంత ఉంటాయి. అది పెట్టుకుంటే ఉన్న చోటు మాయమై ఇంకో లోకం కనిపిస్తుంది. రెండు చేతుల్లో రెండు పిడులు పట్టుకోవాలి. ఇక్కడ చెయ్యెత్తితే అక్కడా ఎత్తుతాం, ఇక్కడ వంగితే అక్కడా వంగుతాం. దూరదేశాలవాళ్ళు అలాంటి కళ్ళజోళ్ళు పెట్టుకుని మా తివాచీల మధ్య తిరిగి నచ్చినవి తీసుకుంటారని చెప్పారు. ఒక్క పురుగు కూడా రాలేదు. మా బాత్మా మాత్రం అదే కళ్ళజోడులో ఇంకో తలుపు కనిపెట్టింది.

బాత్మా మా ఉన్నిశాలలో అందరికంటే చిన్నది, నోరు మాత్రం అందరికంటే పెద్దది. నన్ను ఎజే అంటుంది, అంటే అక్క. "జూరకాన్ ఎజే, ఒక్కసారి వచ్చి చూడు. చచ్చిపోతే నాదే పూచీ" అని బలవంతంగా నా తలకి ఆ గంతలు కట్టింది.

ఎదురుగా పచ్చిక బయలు. మంచు కొండలు, సరస్సు, తెల్లటి ఉన్ని గుడారాలు. మా రాజధాని బిష్కెక్ కుర్రకారు ఎవరో తయారు చేశారట. మా భాష మాట్లాడేవాళ్ళు ఎక్కడెక్కడున్నా అక్కడికే చేరతారు, వాళ్ళకి ఇంకో చోటు లేదు మరి. లోపలికి పోయే ముందు ఒక అద్దం ముందు నిలబడాలి. ఏ ఒళ్ళు కావాలంటే ఆ ఒళ్ళు, ఏ బట్ట కావాలంటే ఆ బట్ట, గొంతు కూడా మన ఇష్టం. మొదటిరోజు చెయ్యి తప్పి ఏదో నొక్కి, రెండు మూపురాల ఒంటెనైపోయాను. పైగా పట్టు ఓణీతో. బాత్మా నవ్వి నవ్వి ఉన్ని బస్తా మీద పడింది.

రెండోరోజు నుంచి మాత్రం నేను ఆయ్‌పెరి అనే పడుచుపిల్లని. నడుం కిందకి దిగే జడలు, జడల చివర వెండి గజ్జెలు, గుడ్లగూబ ఈకల టోపీ, ఎర్ర గౌను. మోకాళ్ళ నొప్పి లేదు. పెళ్ళి కాలేదు. అత్త లేదు, కోడలు లేదు. సిగ్గు కూడా ఉన్నిశాలలోనే వదిలేసి వెళ్ళేదాన్ని.

గడ్డం తాత నాకు అక్కడే తగులుకున్నాడు.

పెద్ద గుడారంలో గడపకి ఎదురుగా, పెద్దవాళ్ళు కూర్చునే పెద్దపీట మీద కాళ్ళు బారజాపుకుని ఉండేవాడు. నడుందాకా తెల్లగడ్డం, నెత్తిన గోపురంలాంటి తెల్ల టోపీ. ఆయన ఒక్కసారి దగ్గితే చాలు, గుడారంలో ఉన్నవాళ్ళంతా లేచి నిలబడాలి. మాకు పెద్దల మర్యాద అంటే అంత. ఊరికే తోచక దగ్గేవాడు. జనం లేచేవాళ్ళు, కూర్చునేవాళ్ళు, మళ్ళీ దగ్గేవాడు.

"ఏమే పిల్లా, టీ పొయ్యడం మీ అమ్మ నేర్పలేదా?" అన్నాడు నన్ను చూసి.

"నేర్పింది ఆతా. గడ్డం గిన్నెలో ముంచకుండా తాగేవాళ్ళకే పొయ్యమంది."

"అబ్బో, నోరు! నిన్ను చేసుకునేవాడి గతేంటే?"

"మీరు చేసుకోనంటే చాలు, ఇంకెవడైనా పరవాలేదు."

అలా మొదలైంది. ఆ తర్వాత మేమిద్దరం చేయని అల్లరి లేదు. రెక్కల గుర్రాలెక్కి సరస్సు మీద ఎగిరాం. కొండగుహలో నిద్రపోతున్న రాక్షసుడి పక్కనుంచి గుర్రపుపాల తిత్తి ఎత్తుకొచ్చాం. వాడు లేచి వెంటపడితే తాత గడ్డాన్ని రెండు చేతులతో పైకెత్తి పట్టుకుని పరుగు! ఆడవాళ్ళు పావడా ఎత్తుకుని పరిగెత్తినట్టే పరిగెత్తాడు. అప్పుడైనా నాకు అనుమానం రావద్దూ? రాలేదు. నవ్వడానికే ఊపిరి చాలలేదు.

అన్నిటికంటే పిల్ల పందెం రక్తి కట్టింది. మాలో ఈ ఆట అందరికీ తెలిసిందే. పిల్ల ముందు, కుర్రాడు వెనక, గుర్రాల మీద. అందుకుంటే ముద్దు పెట్టుకోవచ్చు. అందుకోలేకపోతే వెనక్కి వచ్చేటప్పుడు పిల్ల వాణ్ణి తరుముతూ కొరడాతో బాదుతుంది. తాత పందెం కట్టి ఓడిపోయాడు. ఇంకేం, తిరుగు దారి పొడుగునా ఆ ముసలి వీపు మీద కొరడా ఝళిపించాను. "చచ్చాన్రా నాయనో, ఈ పిల్ల కాదు, పిడుగు!" అని తాత గుర్రం మెడ కావలించుకుని పడీ పడీ నవ్వుతున్నాడు. ఇక్కడ ఉన్నిశాలలో నా చెయ్యి ఆరబెట్టిన ఉన్నికి తగిలి, ఉన్ని కెటిల్ మీద పడి, కెటిల్ బాత్మా ఒళ్ళో పడింది. చల్లటి నీళ్ళు కాబట్టి బతికిపోయాను.

సాయంత్రం ఇంటికి పోయేసరికి మళ్ళీ నేను అత్తని. నూర్జాదా గడప దగ్గర కూర్చుని టీ పోసేది. ఒకరోజు పిల్ల నుదుటి మీద, ముక్కు మీద ఎర్రగా గుర్తు కనిపించింది.

"తలగుడ్డ అంత బిగించి కట్టకమ్మా" అన్నాను.

"అలాగే, ఎనే" అంది తల దించుకుని. మాలో అత్తని అలాగే పిలవాలి.

నా ముక్కు మీదా అలాంటి గుర్తే ఉందని ఆ పిల్ల చూసే ఉంటుంది. అత్తని మొహం మీద అడిగే కోడలు కాదు కదా.

పండగ ఇంకో వారం ఉందనగా బయటపడింది అసలు విషయం. ఆరోజు బాత్మా కూడా రెండో కళ్ళజోడు పెట్టుకుని వచ్చింది. ఈవిడకి ఉన్నిశాలలో ఎవరూ గౌరవం ఇవ్వడం లేదని గుర్రు. అందుకని అక్కడ ఏకంగా ముత్తవ్వ వేషం కట్టింది. ఒళ్ళంతా ముడతలు, చేతిలో కర్ర, నెత్తిన గంగాళమంత తెల్ల తలపాగా. కర్ర తాటిస్తూ గుడారం గడప దాటి, "ఎవర్రా ఆ పెద్దపీట మీద?" అని గద్దించింది.

గడ్డం తాత దిగ్గున లేచాడు. పెద్దపీట దిగాడు. రెండు చేతులూ పొట్ట మీద కట్టుకుని, నడుం వంచి, దణ్ణం పెట్టాడు. తర్వాత వెన్ను చూపించకుండా వెనక్కి వెనక్కి నడుచుకుంటూ గడప దగ్గరికి పోయి నిలబడ్డాడు.

గుడారం నవ్వులతో పగిలిపోయింది. అది మగవాళ్ళ దణ్ణం కాదు. మాలో కోడళ్ళు పెట్టే దణ్ణం! నడుందాకా గడ్డం వేలాడేసుకున్న ముసలాయన కొత్త కోడలిలా వంగితే ఎవరు మాత్రం ఆపుకోగలరు? "తాతా, ఏ ఇంటి కోడలివి? అత్త బాగా చూసుకుంటోందా?" అని ఒకడు. "తాతా, తలగుడ్డ మరిచావే" అని ఇంకొకడు. బాత్మా అయితే ఉబ్బి తబ్బిబ్బై, "కడుపు పండాలి తల్లీ" అని దీవించేసింది.

నేనూ నవ్వడానికి నోరు తెరిచాను. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. ముసలాయన తిన్నగా వంగలేదు. ఎడమపక్కకి ఒరిగి వంగాడు, కుడివైపు తలకి ఏదో తగులుతుందన్నట్టు. అక్కడ కుడివైపు ఏమీ లేదు, ఖాళీ. మా వంటగదిలో మాత్రం ఉంది. నా ఎదురుగా నిలబడి దణ్ణం పెట్టే చోట, సరిగ్గా తల పక్కనే, మా అత్తగారి కాలం నాటి పొయ్యి గొట్టం ఉంది. పొద్దున్నే కణకణలాడుతూ ఉంటుంది. రోజూ నా కోడలు దాన్ని తప్పించుకుంటూ ఎడమకి ఒరిగే వంగుతుంది.

తురాత్ గని నుంచి వస్తూ అలాంటి కళ్ళజోడు ఒకటి తెచ్చి ఇంట్లో పెట్టి వెళ్ళాడన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. నుదుటి మీద ఎర్ర గుర్తూ గుర్తొచ్చింది. నేను కొరడాతో బాదింది ఎవరినో కూడా గుర్తొచ్చి, గంతలు పీకేసి ఉన్ని బస్తా మీద కూలబడ్డాను.

"ఏమైంది ఎజే, దయ్యాన్ని చూశావా?" అంది బాత్మా, ఇంకా కర్ర పట్టుకున్నట్టే చెయ్యి పెట్టుకుని.

"లేదు, నా కోడలిని చూశాను" అన్నాను. ఇంకేమైనా అడిగేలోగా ఇంటికి బయలుదేరాను.

ఆ రాత్రి వడ్డిస్తున్నప్పుడు పిల్ల తలగుడ్డ కేసి చూశాను. కుడివైపు అంచు గోధుమరంగుకి మాడి ఉంది. ఇన్నాళ్ళూ నా ఎదురుగానే ఉంది. నా కళ్ళు ఏ గంతల్లో ఉన్నాయో మరి.

మర్నాడు ఆయ్‌పెరిగా వెళ్ళకూడదని గట్టిగా అనుకున్నాను. అనుకున్నదాన్ని ముందురోజు కంటే పెందరాళే వెళ్ళాను. తాత సరస్సు ఒడ్డున ఒంటరిగా కూర్చుని ఉన్నాడు, గడ్డాన్ని జడలా అల్లుకుంటూ.

"ఆతా, నువ్వు నిజంగా కోడలివేనా?" అన్నాను.

"దొరికిపోయానే పిల్లా" అన్నాడు ఆ బొంగురు గొంతుతో. "ఆ వంగడం ఒంటికి అంటుకుపోయింది. ఎంత గడ్డం పెట్టుకున్నా పోలేదు."

"మరి ముసలాడి వేషం ఎందుకు? అందంగా ఉండొచ్చు కదా, నాలాగా."

"అందం ఏం చేసుకోను? పెద్దపీట మీద కాళ్ళు చాపుకుని కూర్చోవాలనిపించింది. నేను దగ్గితే జనం లేవాలనిపించింది. మా ఇంట్లో నేను దగ్గినా ఎవరికీ వినపడదు."

"అత్త తిడుతుందా?"

"తిడితే బాగుణ్ణు! ఏమీ అనదు. టీ తాగుతుంది, బాగుందనదు, బాగోలేదనదు. నేను నూనెలో పిండిముక్కలు, బోర్సోక్‌లు, వేయిస్తే పళ్ళెం ఖాళీ చేస్తుంది, మూతి తుడుచుకుంటుంది, పోతుంది. ఆవిడ ఒక్కసారి అలా చూసిందంటే పాలు విరిగిపోవాల్సిందే."

పాలు విరిగిపోతాయట! నా చూపుకి! ఆ క్షణంలో కొరడా చేతికి దొరికితే ఇంకో నాలుగు తగిలించేదాన్ని. ఆయ్‌పెరిని కాబట్టి పళ్ళు బిగబట్టుకున్నాను.

"ఆవిడకి నువ్వంటే భయమేమో" అన్నాను.

"భయమా, ఆవిడకా! తోడేలు వచ్చినా 'కాళ్ళు తుడుచుకుని రా' అంటుంది."

"మెచ్చుకుంటే కన్ను తగులుతుందని అనుకుంటుందేమో. పాతకాలం వాళ్ళు కదా."

"అయితే ఇంక నాకు ఆ ఇంట్లో ఏ కన్నూ తగలదు. రాయిలా నూరేళ్ళు బతుకుతాను." తాత నవ్వాడు. నవ్వుతూనే ఆగిపోయాడు. "పండగ అయ్యాక మా అమ్మ దగ్గరికి పంపుతున్నారు. మళ్ళీ రాబుద్ధి కావట్లేదే పిల్లా. మా ఆయన మంచివాడే. కానీ ఆయన ఉండేది సగం రోజులు. మిగతా సగం నేను ఎవరితో ఉండాలి?"

నాతో, అనబోయాను. ఆ మాట ఆయ్‌పెరి అంటే ఏం లాభం? పోనీ నేనెవరో చెప్పేస్తే? పిల్ల సిగ్గుతో చచ్చిపోతుంది. అత్తని పట్టుకుని 'ఏమే పిల్లా' అంది. అత్త చేత కొరడా దెబ్బలు తింది. అత్త చూపుకి పాలు విరుగుతాయని అత్త మొహానే చెప్పింది. ఇవన్నీ తెలిశాక ఏ కోడలైనా ఆ ఇంటి గడప తొక్కుతుందా? చెప్తే సిగ్గుతో రాదు, చెప్పకపోతే విసుగుతో రాదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

వేషం లేకుండానే ప్రయత్నం చేద్దామని మర్నాడు పొద్దున్న టీ తాగి గొంతు సవరించుకున్నాను. 'టీ బాగుంది' అనాలి, రెండే మాటలు. పిల్ల బెదురు చూపులు చూస్తోంది. "టీ... వేడిగా ఉంది" అన్నాను. తర్వాతి రోజు నుంచి నాకు చల్లారిన టీ వచ్చింది.

ఇంక నా నోటి మీద నాకు నమ్మకం పోయింది. నాకు పని చేసేవి చేతులే. ఉన్నిశాలలో కూర్చుని మంచి తెల్ల ఉన్ని ఏరి, దువ్వి, కిందన పలచగా ఉన్ని పొర పరిచి, దాని మీద పాయలు పాయలుగా అతికించాను. నడుందాకా దిగే గడ్డం, చెవులకి తగిలించుకోవడానికి దారాలు.

"ఎవరికి ఎజే గడ్డం? మళ్ళీ పెళ్ళి చేసుకుంటున్నావా, వరుడికి గడ్డం తక్కువైందా?" అంది బాత్మా.

"నీకే. మూతి మూసుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా" అన్నాను.

పండగ వెళ్ళింది. పిల్ల అన్న అత్‌బాషీ నుంచి కారేసుకుని వచ్చి వాకిట్లో హారన్ కొట్టాడు. వియ్యపురాలి శాలువా, వాళ్ళింటి చిన్నపిల్లలకి బట్టలు, మిఠాయి, అన్నీ కట్టాను. నూర్జాదా సొంత మూటలో, కొత్త తలగుడ్డ మడతల మధ్య, ఆ గడ్డాన్ని పెట్టాను. వంటగదిలో పిల్ల ఎప్పటిలాగే గొట్టం పక్కన ఒరిగి దణ్ణం పెట్టింది.

"వెళ్ళి రా, బిడ్డా" అన్నాను. 'రా' మాత్రం కాస్త గట్టిగానే పలికాను.

కారు మలుపు తిరిగిందో లేదో నాకు తెలివొచ్చింది. ఎంత బుద్ధి తక్కువ పని చేశాను! వాళ్ళమ్మ ముందు మూట విప్పుతుంది, గడ్డం బయటపడుతుంది. అత్త తనని కనిపెట్టిందని, ఆటపట్టిస్తోందని, వెక్కిరిస్తోందని అనుకోదూ? నేను చెప్పదలచుకున్నది ఏమిటి, ఆ గడ్డం చెప్పేది ఏమిటి?

ఇంట్లో కూర్చోలేక, పొయ్యిల పని చేసే ఆయన్ని పిలిపించాను. గొట్టాన్ని ఆ చోటునుంచి తీయించి, వెనక గోడలోంచి బయటకి పెట్టించాను. "ఇన్నేళ్ళూ లేనిది ఇప్పుడు ఎందుకమ్మా?" అన్నాడు. "ఇన్నేళ్ళూ బుద్ధి లేక" అన్నాను.

వస్తానన్న రోజు వచ్చింది, పిల్ల రాలేదు. దోలోన్ కనుమ మీద మంచు పడింది, దారి మూసేశారని రేడియోలో చెప్పారు. నాకు కాస్త ఊరట కలిగింది. ఆ తర్వాత దారి తెరిచారని చెప్పారు. అప్పుడూ రాలేదు. మధ్యాహ్నాలు ఆయ్‌పెరినై గుడారానికి వెళ్తే పెద్దపీట ఖాళీగా ఉండేది. ఎవడో కుర్రాడు దాని మీద కూర్చోబోతే చెవి మెలిపెట్టి లేపాను.

తురాత్ గని నుంచి ఫోన్ చేశాడు. "అమ్మా, మూటలో ఏం పెట్టావ్?"

"ఏం, ఏమంది?"

"ఏమీ అనట్లేదు. ఒకటే అడుగుతోంది, మీ అమ్మ మధ్యాహ్నాలు ఎక్కడికి పోతుంది అని."

"నువ్వేమన్నావు?"

"ఉన్నిశాలకి, ఆ కళ్ళజోళ్ళు ఇచ్చిన చోటికి అన్నాను. అంతే, ఫోన్ పెట్టేసింది. ఏడ్చినట్టూ ఉంది, నవ్వినట్టూ ఉంది. మీ ఇద్దరి మధ్య ఏం జరుగుతోందమ్మా?"

"ఏమీ లేదు, నువ్వు నీ బంగారం తవ్వుకో" అన్నాను. ఫోన్ పెట్టేశాక మాత్రం అదే ఆలోచన. ఏడ్చినట్టా, నవ్వినట్టా? కన్నతల్లికి కూడా సరిగ్గా విని చెప్పలేని కొడుకుని కన్నాను.

ఆ మర్నాడు మధ్యాహ్నం ఉన్నిశాలకి పోలేదు. పిండి కలిపి బోర్సోక్‌లు వేయిస్తున్నాను. వాకిట్లో కారు ఆగిన చప్పుడైంది. గరిటె చేతిలోనే ఉండిపోయింది. కారు తలుపు వేసిన చప్పుడు, మంచు మీద అడుగుల చప్పుడు. తలుపు తెరుచుకుంది.

లోపలికి ఒక తెల్లగడ్డం వచ్చింది. పైన కోడలి కొత్త తలగుడ్డ, కింద నడుందాకా నేను చేసిన ఉన్ని గడ్డం. చేతులు వెనక్కి కట్టుకుని, గడప దాటి, గట్టిగా దగ్గింది.

"ఇంట్లో ఎవరూ లేరా? ముసలాడు కొండ దాటి వస్తే గిన్నెడు టీ పోసే దిక్కు లేదా?"

ఇక్కడ గొంతు మార్చే యంత్రం లేదు. అది నూర్జాదా గొంతే. ఎంత బింకంగా అనబోయినా చివర్లో వణికింది. గడ్డం పైనున్న రెండు కళ్ళూ నా మొహం మీదే ఉన్నాయి, పాలు విరుగుతాయో లేదో చూస్తున్నట్టు.

నాకు ఇంకేమీ తోచలేదు. గరిటె పక్కన పెట్టి, రెండు చేతులూ పొట్ట మీద కట్టుకుని, నడుం వంచాను.

వంగి ఉండగానే పైనుంచి నవ్వు వినిపించింది. సరస్సు ఒడ్డున విన్న నవ్వే, బొంగురు లేకుండా.

"ఏమే పిల్లా, గొట్టం తీసేశావుగా! మరి పక్కకి ఒరిగావేం?"

చూసుకున్నాను. నిజమే. కుడివైపంతా ఖాళీ గోడ. నేను మాత్రం ఎడమకి ఒరిగి ఉన్నాను. మా అత్తగారు పోయాక ఆ వంటగదిలో నేను ఎవరికీ దణ్ణం పెట్టలేదు. నేను మరిచిపోయినా నా నడుం మరిచిపోలేదు. నవ్వుదామనుకుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నూర్జాదా నవ్వు ఆపేసింది. నా మొహం చూసింది, గొట్టం ఉండే చోటు చూసింది, మళ్ళీ నా మొహం చూసింది. దగ్గరికి వచ్చి రెండు భుజాలూ పట్టుకుని నన్ను నిటారుగా నిలబెట్టింది.

"నీ బతుకు పండాలి, బిడ్డా" అంది.

తర్వాత పోయి పెద్దపీట మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. నేను గడప దగ్గర కూర్చుని టీ పోశాను. గడ్డం ఒక చేత్తో పక్కకి తీసి, ఒక్క గుక్క తాగింది.

"టీ బాగుంది, పిల్లా."

"అలా పైకి మెచ్చుకోకండి ఆతా, కన్ను తగులుతుంది."

"తగలనీ, ఇద్దరికీ తగలనీ" అంటూ గడ్డం తాత ఖాళీ గిన్నె ముందుకు తోసింది.